ఏ మందు?

ఇందిర టీచరుకు బడిలో పిల్లలు పెట్టిన పేరు ‘నిజమేనా మేడం’. మొహం మీద ఎవరూ అనరు గానీ, ఆవిడ వరండాలోకి అడుగు పెట్టేసరికి ఆ పేరు గుసగుసగా ఆవిడ కంటే ముందే తరగతిలోకి పోతుంది. ఎవడైనా కడుపునొప్పి అంటే “నిజమేనా?” అంటుంది. రేపు సెలవట మేడం అంటే “నిజమేనా? ఎవరు చెప్పారు?” అంటుంది. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు పోయి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూసే మనిషి. నరసరావుపేట నుంచి గురజాలకు రోజూ బస్సులో వచ్చిపోతుంది. బస్సు బోర్డు చదివి ఎక్కి కూర్చున్నాక కూడా ఇది గురజాల పోతుందా అని కండక్టరును అడుగుతుంది. ఆ కండక్టరు ఏళ్ళ తరబడి ఆ ఒక్కడే, ఆ బస్సూ అదే.

ఇట్లాంటి మనిషి చేత ఉపన్యాసం ఇప్పించాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ, కొరివితో తల గోక్కోవడమంటే అదే. మండల కార్యాలయం హాల్లో మద్యపానం వల్ల నష్టాల మీద సభ పెట్టారు. డ్వాక్రా ఆడవాళ్ళు వస్తారు, అధికారులు వస్తారు, మధ్యలో సైన్సు టీచరు ఒకరు పది నిమిషాలు మాట్లాడాలి. హెడ్మాస్టరు ముందు ఇందిర పేరు ఇచ్చేసి, తర్వాత ఇందిరకు చెప్పాడు. ఆయన పద్ధతే అంత.

సమాచారానికి కొదవా? ఫోను తెరిస్తే చాలు, మద్యం మీద మెసేజీలు వచ్చి పడ్డాయి. తాగుడు వల్ల నిమిషానికి ఇంతమంది అని ఒకటి, కాదు గంటకు అంతమంది అని ఇంకొకటి. ఏదో విదేశీ యూనివర్సిటీ పరిశోధనలో తేలింది అని ఒక మెసేజీ వస్తే ఇందిర ఆ పరిశోధన కోసం సాయంత్రమంతా వెతికింది. పరిశోధన దొరకలేదు కానీ అవే మాటలతో ఇంకో మెసేజీ దొరికింది, అందులో యూనివర్సిటీ పేరు వేరు. రెండూ కొట్టేసింది. అట్లా ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతే కాలేయం ఏం చేస్తుంది, మద్యం దాన్ని ఏం చేస్తుంది అన్న నాలుగు పేరాలు మిగిలాయి. గట్టిగా చదివితే నాలుగు నిమిషాలు. మిగతా ఆరు నిమిషాలకు సరిపడా నిజం ఎక్కడ నుంచి తేవాలో ఆవిడకు తెలియలేదు. సభ సోమవారం. అన్నం సహించడం మానేసింది.

“పది నిమిషాల ఉపన్యాసానికి పీహెచ్‌డీ చేస్తున్నారేంది మేడం?” అన్నాడు స్టాఫ్ రూములో సుధాకర్. ఆయన సోషల్ టీచరు. మైకు దొరికితే వదలడు, అంకెలు కావాలంటే అప్పటికప్పుడు నోటికొచ్చినవి చెబుతాడు. “చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా? కాలేయం సంగతి ఎవడిక్కావాలి? మనూరి మనిషి ఒకడు పడాలి అందులో. హనుమయ్య సంగతి చెప్పండి, హాలంతా ఏడుస్తది.”

“ఏ హనుమయ్య?”

“మన బడికి పిల్లలు వస్తారే, అవతలూరు. ఆ ఊరి మనిషి. మిరపచేలో మందు కొట్టి పడిపోయాడు. అంతే, పోయాడు. నిండా ముప్పై అయిదేళ్ళు లేవు. పెళ్ళాం, ఇంత పిల్ల.”

“మీరు చూశారా?”

“నేను చూసేదేంది? పేపర్లో పడింది.” ఫోనులో వెతికి చూపించాడు. జిల్లా పేజీలో ఒక మూల, చిన్న వార్త. నవ్వుతున్న మొహం ఫోటో, పక్కన నాలుగు వరుసలు, పైన శీర్షిక: మద్యం మత్తులో రైతు మృతి.

ఇందిర ఆ వార్తను రెండుసార్లు చదివింది. అప్పటికి రెండు ఆధారాలు దొరికినట్టే. అయినా మనసు ఒప్పుకోలేదు. సాయంత్రం బస్టాండుకు పోతూ ఆటో ఐజాజ్‌ను అడిగింది. ఐజాజ్‌ది కూడా ఆ ఊరే.

“హనుమయ్యన్నా? నేనేగా మేడం ఆస్పత్రికి తీసకపోయింది. ఒళ్ళంతా మందు వాసన. గుప్పున కొట్టింది. నాకే తల తిరిగింది.”

మూడు ఆధారాలు. ఇంతకంటే ఎవరైనా ఏం అడుగుతారు? బస్సులో కూర్చుని హనుమయ్యను ఉపన్యాసంలో రాసేసుకుంది. పెన్ను ఆగకుండా నడిచింది. నడవదా మరి, ఆవిడకు తెలిసిన సంగతే కదా. ఇందిర పుట్టి పెరిగిన ఇంట్లో మందు అన్న మాటకు ఒకటే అర్థం. నాన్న మందు కొట్టాడా లేదా అన్నది అమ్మ మెట్ల చప్పుడును బట్టి చెప్పేది. “ఇవాళ ముట్టలేదురా తల్లీ” అని నాన్న గడపలో నిలబడి చెబితే, “నిజమేనా?” అని అడిగింది మొదట ఇందిరే. అప్పటికి రెండో తరగతి. నాన్న పోయి చాలా కాలమైంది. ఆ ప్రశ్న మాత్రం ఆవిడ నాలుక మీదే ఉండిపోయింది.

అంతా రాసుకున్నాక ఇంకో భయం పట్టుకుంది. మర్నాడు శనివారం, సభకు వచ్చే డ్వాక్రా సంఘాల్లో ఆ ఊరి సంఘం కూడా ఉందని తెలిసింది. అంటే ఆ హనుమయ్య భార్య వస్తుందా?

“వస్తే వస్తది. పేరు చెప్పకుండా చెప్పండి,” అన్నాడు సుధాకర్.

“పేరు చెప్పకపోతే ఆ ఊరి వాళ్ళకు తెలియదా మాస్టారూ? ఆమె ముందే ఆమె మొగుడు తాగి చచ్చాడని మైకులో చెప్పమంటారా?”

“నిజమేగా!”

నిజమే. అదే ఆవిడ బాధ. నిజమైనంత మాత్రాన చెప్పేయాలా? కనీసం ఆమెను ఒక మాట అడగొద్దూ? ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని సుధాకర్ నవ్వుతుండగానే, ఒంటిపూట బడి అవగానే ఐజాజ్ ఆటో ఎక్కి ఆ ఊరు పోయింది. దారి పొడుగునా ఏమని అడగాలో మాటలు కూర్చుకుంటూ పోయింది. ‘అమ్మా, మీ ఆయన తాగుడు గురించి చెప్పుకోవచ్చా’ అని ఏ నోటితో అడుగుతుంది? ఒక దశలో ఆటో వెనక్కి తిప్పమందామనుకుంది. 

హనుమయ్య భార్య పేరు కోటేశ్వరి. వాకిట్లో మిరపకాయల రాశి ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. ఆ ఘాటుకు ఇందిరకు తుమ్ముల మీద తుమ్ములొచ్చాయి. ఆ తుమ్ములే పరిచయం చేశాయి. కోటేశ్వరి నవ్వి, చేతులు కడుక్కుని, నీళ్ళిచ్చి, లోపల కుర్చీ వేసింది.

కుర్చీకి ఎదురుగా గోడ మీద ఫ్రేము. అందులో ఆ పేపరు ముక్కే. అదే నవ్వు మొహం, పక్కన అవే నాలుగు వరుసలు. పైన శీర్షిక మాత్రం కనపడలేదు. ఫ్రేము చిన్నదై కాగితం మడిచినట్టున్నారు. ఏ ఆడదైనా ఆ వార్తను అద్దం కట్టించి గోడకు పెట్టుకుంటుందా?

“పేపర్లో ఏశారు మేడం,” అంది కోటేశ్వరి, ఆవిడ చూపు చూసి. “నవ్వతా ఉన్న ఫోటో అదొక్కటే. నా ఫోను పగిలిపోయింది, అందులోయి అందులోనే పోయినయ్. ఆధార్ కార్డులో ఏమో దొంగ మొహం.”

ఇందిర సంచిలోంచి సభ కరపత్రం తీసి చేతికివ్వబోయింది. “మీరే చెప్పండి మేడం, నా చేతులు ఇంకా మండతన్నయ్,” అంది కోటేశ్వరి. చదువు రాదు కాబోలు అనుకుంది ఇందిర. ఏం రాశారో తెలియకే గోడకు పెట్టుకుంది, పాపం. ఇక తన నోటితో ఎట్లా చెప్పడం? కరపత్రం మెల్లగా మళ్ళీ సంచిలో పెట్టేసి, సోమవారం సభలో తను కూడా మాట్లాడాలని మాత్రం చెప్పి, చుట్టు దారిలో వచ్చింది.

“ఆ రోజు ఏం జరిగిందమ్మా?”

“ఏముంది మేడం. పొద్దున్నే మందు కొట్టటానికి పోయాడు.”

“పొద్దున్నేనా?” నాన్న కూడా చివరి రోజుల్లో పొద్దున్నే మొదలుపెట్టేవాడు.

“పొద్దున్నేగా కొట్టాల్సింది! ఎండెక్కితే గాలి మళ్ళుద్ది.”

ఇందిరకు అర్థం కాలేదు. తాగుడుకూ గాలికీ ఏం సంబంధం?

“గాలి మళ్ళితే అంతా మొకానే పడుద్ది కదా మేడం. మూతికి గుడ్డ కట్టుకోమని చెప్తానే ఉన్నా. ఉక్క పోస్తందే, నీకేం తెలుసు అంటాడు. రెండెకరాలు ఒక్కడే కొట్టాడు. ట్యాంకు వీపున ఉండంగనే పడ్డాడు. పక్క చేలో వాళ్ళు చూసేతలికి ఒళ్ళంతా తడిసిపోయి ఉంది.” కోటేశ్వరి గోడ మూలకు చూపించింది. అక్కడ పచ్చ రంగు స్ప్రేయరు, పట్టీలు చుట్టి, పైన గోనె కప్పి ఉంది. “దాన్ని అమ్మేయమంటారు. చెయ్యి రాలా.”

ఇందిర ఆ ట్యాంకు వంక చూసింది. మందు కొట్టాడు. మిరపచేలో మందు కొట్టాడు. పల్నాడులో మిరపచేలో మనిషి ఇంకే మందు కొడతాడు? చిన్నపిల్లాడికి తెలిసిన మాట, పదిహేనేళ్ళుగా ఈ ఊళ్ళ పిల్లలకు పాఠం చెబుతున్న తనకు తట్టలేదు. సంచిలో ఉన్న ఉపన్యాసం కాగితాలు ఒక్కసారిగా ఒంటిని కాల్చినట్టనిపించింది.

అయినా ‘నిజమేనా మేడం’ కదా. పెళ్ళాం మాట పెళ్ళాం మాటే. మొగుడు పోయాక ఏ ఆడది అతని తప్పు చెబుతుంది? అమ్మ చెప్పిందా ఎప్పుడైనా?

“ఆయనకు... అలవాట్లు ఏమన్నా...” అని ఆగింది ఇందిర.

కోటేశ్వరి ఆవిడ కళ్ళలోకి సూటిగా చూసింది. “తాగేవాడు మేడం. అబద్ధమెందుకు? పండక్కో, ఎవరింట్లోనన్నా పెళ్ళికో. ఆ రోజు మాత్రం తాగలా.”

అప్పుడే లోపలికి ఒక పిల్ల పరిగెత్తుకుని వచ్చింది. కూతురు, పేరు వెన్నెల, ఒకటో తరగతి. టీచరు వచ్చిందని తెలిసి, తన చదువు చూపించుకోవాలని ఫ్రేము కింద నిలబడి వేలు పెట్టింది. “హ... ను... మ... య్య. హనుమయ్య. మా నాన్న.” తర్వాత వేలు పక్కకు జరిగింది. “మ...” ఆగింది. “ఇది రాదు. మా టీచరు ఒత్తులు ఇంకా చెప్పలా. మా నాన్న పేరులో ఒత్తే వచ్చు నాకు.”

ఆ పిల్ల వేలి కింద ఉన్న మాట మద్యం. ఒత్తులు ఎప్పుడు చెబుతారో ఏ టీచరుకు తెలియదు? ఇవాళ కాకపోతే ఇంకో నెల. అంతే గడువు.

“చాల్లేవే, పోయి ఆడుకో,” అంది కోటేశ్వరి. తర్వాత ఇందిర వైపు తిరిగి, “ఆయన సంగతి సభలో చెప్తారా మేడం? చెప్పండి. మూతికి గుడ్డ కట్టుకోమని అందరికీ చెప్పండి. నేనూ వస్తా,” అంది.

బయటికి రాగానే ఆటో దగ్గర నిలబడి ఇందిర ఐజాజ్‌ను అడిగింది. “నిన్న మందు వాసన అన్నావు. ఏ మందు?”

“ఏ మందేంది మేడం?” ఐజాజ్ ఆవిడను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. “పురుగుమందు. సీటు ఎంత కడిగినా కంపు పోలా, చివరికి పట్టా మార్పించా. అన్న ఆ రోజు తాగిందేంది, పొద్దున్నే చేనికి పోతా నా కాడ టీ తాగాడు, అంతే. ఇంకేం మందనుకున్నారు మీరు?”

బస్టాండు చేరగానే ఇందిర ఆ వార్త రాసిన విలేకరి పుల్లారావు నంబరు సంపాదించి ఫోను చేసింది. ఆయనకు ఆ వార్త గుర్తుకు రావడానికే కొంతసేపు పట్టింది. “ఆ ఊళ్ళోంచి ఎవరో ఫోన్ చేశారు మేడం. మందు కొట్టి చేలో పడిపోయాడు అన్నారు. అదే రాశా.”

“ఏ మందో అడిగారా?”

“ఇంతకాలానికి అదంతా ఇప్పుడెందుకు మేడం?” అన్నాడు. సవరణ వేస్తారా అంటే, చూద్దాం అన్నాడు. ఈ చూద్దాం అన్న మాటకు మన దేశంలో అర్థం అందరికీ తెలిసిందే.

సుధాకర్‌కు ఆధారం పేపరు. పేపరుకు ఆధారం ఒక ఫోను. ఫోనులో చెప్పినవాడు అబద్ధం చెప్పలేదు. ఐజాజ్ అబద్ధం చెప్పలేదు. ఎవరూ అబద్ధం చెప్పకుండానే ఒక మంచి మనిషి తాగుబోతై గోడకెక్కాడు. తను సోమవారం మైకులో చదివి ఉంటే, పేపరు చదవని వాళ్ళకు కూడా ఆ మాట చేరి ఉండేది. టీచరమ్మ చెప్పింది, ఇంకేం కావాలి అనుకునేవాళ్ళు.

ఆదివారమంతా కాగితాలు ముందేసుకుని కూర్చుంది. హనుమయ్య పేరా కొట్టేయడం తేలిక. కొట్టేసి కాలేయం గురించి నాలుగు నిమిషాలు చదివి దిగిపోవచ్చు. కానీ ఆ అమ్మాయి మొగుడి పేరు వినడానికి వస్తుంది. పోనీ నిజం చెబుదామంటే, పేపర్లో ఏం పడిందో కూడా చెప్పాలి. ఏం పడిందో తెలియక ఆ కాగితాన్ని గోడకు పెట్టుకున్న మనిషికి నలుగురిలో ఆ మాట వినిపించాలి. చెప్పినా తప్పే, చెప్పకపోయినా తప్పే. “వదిలేయండి మేడం, మనకెందుకు?” అన్నాడు సంగతంతా విని సుధాకర్, ఫోనులో. కానీ ఈసారి ఆయన గొంతులో నవ్వు లేదు. ఆవిడ రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. సోమవారం బస్సులో కండక్టరును ఏమీ అడగలేదు. అది చూసి కండక్టరే కంగారుపడి “ఒంట్లో బాగుండలేదా మేడం?” అన్నాడు.

హాలు నిండింది. ముందు వరసలో అధికారులు, వెనక సంఘాల ఆడవాళ్ళు. రెండో వరస చివర కోటేశ్వరి, ఒళ్ళో వెన్నెల. పిల్లకు కొత్త గౌను వేసి తీసుకొచ్చింది. 

కాలేయం గురించి ఎట్లా చదివిందో ఆవిడకే తెలియదు. చేతిలో కాగితం మైకుకు తగిలి చప్పుడైంది. నాలుగు పేరాలు అయిపోయాయి. ఆగింది. హాల్లో ఎవరో దగ్గారు.

“ఈ మండలంలో హనుమయ్య గారని ఒక రైతు మందు కొట్టి చనిపోయాడని మీలో చాలామంది విని ఉంటారు,” అంది. “నేనూ విన్నాను. ఈ సభలో చెబుదామని రాసుకున్నాను కూడా. ఆ తర్వాత ఆయన ఇంటికి పోయాను. ఆస్పత్రికి తీసుకుపోయిన మనిషిని అడిగాను. ఆయన కొట్టింది పురుగుమందు. మూతికి గుడ్డ లేకుండా కొట్టాడు. ఆ రోజు ఆయన తాగలేదు. పేపర్లో పడింది తప్పు. మందు కొట్టాడు అనగానే ఏ మందు అని ఎవరూ అడగలేదు. మొదట నేనూ అడగలేదు.”

ముందు వరసలో ఒకాయన తలెత్తి, సభ మద్యం మీదే కదా అన్నట్టు బ్యానరు వంక చూసుకున్నాడు. చప్పట్లు లేవు. వెనక ఆడవాళ్ళలో ఒక గొణుగుడు లేచి, మెల్లగా సద్దుమణిగింది. కొందరు తిరిగి కోటేశ్వరి వైపు చూశారు. ఇందిర చూడలేకపోయింది. “మందు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోమని ఆయన భార్య మీ అందరికీ చెప్పమంది,” అని గబగబా చదివేసి, మెట్లు దిగి, హాలు పక్క వరండాలోకి పోయి గోడకు ఆనుకుంది. తప్పు చేశాను, నలుగురిలో కోటేశ్వరి పరువు తీశాను అనుకుంటుంటే, వెనక నుంచి ఆమే వెన్నెల చెయ్యి పట్టుకుని వచ్చింది.

“క్షమించమ్మా,” అంది ఇందిర. “పేపర్లో ఏం రాశారో నీకు ముందే చెప్పాల్సింది. నీకు చదువు రాదని...”

“నేను ఏడు దాకా చదివా మేడం.”

అన్నీ అడిగిన మనిషి, ఈ ఒక్కటి అడగలేదు.

“పైన పెద్దచ్చరాలు నేనే మడిచి కట్టించా,” అంది కోటేశ్వరి. “పక్కనయ్యి మడిస్తే ఆయన మొకం సగం పోద్ది. అందుకని వదిలేశా. దీనికి ఒత్తులు వచ్చే లోపల ఎవరో ఒకళ్ళు అది తప్పని చెప్తారేమోనని చూస్తన్నా. నేను చెప్తే ఎవరింటారు? మొగుణ్ణి ఎనకేసుకొస్తందంటారు.” కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది. “మీరు చదివిన కాయితం ఇస్తారా? ఆయన పక్కన పెట్టుకుంటా.”

ఇందిర కాగితాల్లోంచి ఆ ఒక్క పేజీ తీసింది. ఇచ్చే ముందు, అలవాటు కొద్దీ, మరోసారి మొదటి నుంచి చివరి దాకా చదివింది. పేరు సరిగ్గా ఉందా, మాట సరిగ్గా ఉందా. అప్పుడు ఇచ్చింది.

వెన్నెల తల్లి చేతిలోంచి దాన్ని లాక్కుని, వేలు పెట్టి వెతుక్కుంది. నాన్న పేరు దొరికింది. దాని కిందనే ఇంకో మాట దగ్గర వేలు ఆగింది. ఇందిర వంగి చూసింది.

“పు... రు... గు... మం... దు,” అని చదివి తలెత్తింది పిల్ల. “ఇందులో ఒత్తులు లేవు మేడం. నాకు వచ్చేసింది.”